మా అత్త ఇంట్లో సాబీదీ

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కస్టమర్ కేర్ మీద అంతకన్నా లేదు. రెండో అపనమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మొదటిదానికే ఏదో అయింది. అదేమిటో తేల్చుకోలేక ఇది రాస్తున్నాను.

నా పేరు కరుణ. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగాను. ఇక్కడే ఒక స్కూల్లో సైన్సు చెబుతాను. స్కూలు వెనక పాడుబడ్డ గదిలో ఏదో ఉందని పిల్లలు హడలిపోతుంటే, బెంచీలు మోయించి ఆ గదిలోనే పాఠం చెప్పినదాన్ని. మాది చర్చికి వెళ్లే కుటుంబం. మా ఇళ్లలో ప్రార్థన ఉంటుంది గానీ తాయెత్తులూ దిష్టితీతలూ ఉండవు. కాబట్టి నాకు ముందునుంచే కాస్త అనుమానం జబ్బు ఉందని ఎవరూ అనుకోవద్దు.

ఈ గొడవంతా మా దయామణి అత్త ఇంట్లో జరిగింది. అత్త మా నాన్నకి అక్క. ఎనభై దాటింది. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేరి మేట్రన్‌గా రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో, తర్వాత నర్సుల హాస్టల్లో, ఆ తర్వాత రైల్వే క్వార్టర్లో ఉంది. ఆమె ఉన్న ప్రతి చోటూ ఏదో ఒకరోజు ఖాళీ చేసి అప్పగించాల్సిందే. రిటైరయ్యాక ఈ ఊళ్లోనే ఖరిదా పేటలో చిన్న ఇల్లు కొనుక్కుంది. జీవితంలో ఎవరికీ అప్పగించక్కర్లేని తాళంచెవి అదొక్కటే. దాన్ని ఇప్పటికీ చీర కొంగుకి ముడేసుకునే తిరుగుతుంది.

కిందటి వానాకాలం అత్త బాత్రూంలో జారిపడింది. చేపలమ్మే ఆమె వచ్చి, తలుపు కొట్టి కొట్టి, పక్కింటివాళ్లని పిలిచేదాకా ఎవరికీ తెలియలేదు. మణికట్టు విరిగింది. పడ్డప్పుడు విరిగింది కొంత, చెయ్యి ఆనించి లేవబోయినప్పుడు విరిగింది మిగతాది. ఎవరి సాయం లేకుండా లేవాలని అత్తకి అంత పట్టుదల.

హైదరాబాదులో ఉండే మా తమ్ముడు సుధీర్ ఫోన్లోనే పంచాయితీ పెట్టాడు. ఇంట్లో తోడుగా ఒక మనిషిని పెట్టుకోవాలి, లేదా తాల్‌బగీచాలో మా ఇంటికి వచ్చెయ్యాలి. అత్త రెండూ చెవిన వేసుకోలేదు.

"నా ఇంట్లో ఇంకో మనిషేటే? జన్మంతా వార్డు నిండా మనుషుల మధ్యే బతికినాను. ఇప్పుడైనా ఒక్కదాన్ని ఉండనియ్యండర్రా" అంది.

చివరికి సుధీరే సెన్సర్ల మాట ఎత్తాడు. మనిషి కదిలితే కనిపెట్టే చిన్న తెల్ల పెట్టెలు గదికొకటి గోడకి బిగిస్తారు. పరుపు కింద ఒక పట్టీ పెడతారు. మెడలో వేసుకోవడానికి తాడుతో ఒక బటన్ ఇస్తారు. ఆపద వస్తే అది నొక్కాలి. అన్నీ కలిసి నా ఫోన్‌కి కబురు పంపుతాయి. కాకపోతే సుధీర్ ఒక షరతు పెట్టాడు. అత్త మళ్లీ పడి, మాకు తెలిసేసరికి ఆలస్యమైతే, ఇక మాటల్లేవు. ఆ ఇంటికి తాళం పెట్టి మా ఇంటికి రావాల్సిందే. అత్త చాలాసేపు కొంగుముడి నలుపుకుంటూ కూర్చుని సరేనంది.

బిగించడానికి కంపెనీ తరఫున ఒక బెంగాలీ ఆయన వచ్చాడు. నిచ్చెనెక్కి డ్రిల్లు పెడుతున్నాడు, ఫోన్లో ఏవో గళ్లు నింపుకుంటున్నాడు. "దీదీ, ఇంట్లో మీరు కాక ఇంకెవరుంటారు?" అని బెంగాలీలో అడిగాడు. బెంగాలీ అత్తకి మంచినీళ్ల ప్రాయం. కానీ అప్పుడామె ధ్యాసంతా కొత్తగా సున్నం కొట్టించిన ముందుగది గోడమీద ఉంది. మా ఇళ్లలో ముందుగదిని చావిడి అంటాం. అత్తలాంటి పాతవాళ్ల నోట అది సావిడి.

"సావిడి... సావిడి గోడకి కన్నాలెట్టొద్దని సెప్పే ఈయనకి" అని నాతో అంటోంది అత్త.

ఆయన తలూపి ఫోన్లో ఏదో కొట్టుకున్నాడు. అందరి దగ్గరా సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. గోడకి కన్నం పడనే పడింది.

మర్నాడు స్కూల్లో ఉండగా ఫోన్ మోగింది. "దయామణి నిద్ర లేచారు" అని కబురు. సంతోషం. వెంటనే ఇంకోటి. "సాబీదీ ఇంకా కనబడలేదు."

సాబీదీ ఎవరు? ఎవరిదో వేరే ఇంటి కబురు నాకు పంపుతున్నారనుకున్నాను. సాయంత్రానికి "సాబీదీ చావిడిలో తిరుగుతున్నారు" అని వచ్చింది. కాదు, నిజానికి ముందుగది అని ఇంగ్లీషులో వచ్చింది. చావిడి అనే మాట ఆ యాప్‌లో ఎక్కడా లేదు. అది ఏమైపోయిందో ఆ ఆదివారం అత్త ఇంట్లో కూర్చుని కబుర్లు పైకి చదువుతుంటే తెలిసింది. "ఎక్కడే? సావిడిలోనా?" అంది అత్త. నేను నుదురు కొట్టుకున్నాను. వ పలకడం బెంగాలీవాళ్ల నోటికి రాదు, బ అయిపోతుంది. సావిడి కాస్తా సాబిడి అయింది. సాబిత్రినో సబితనో ముద్దుగా పిలిస్తే సాబీ, పక్కన అక్క అని దీ చేరిస్తే సాబీదీ. ఇంకెవరుంటారని ఆయన అడిగాడు. సావిడి అని జవాబొచ్చింది. ఇంట్లో రెండో మనిషి కింద మా ముందుగదిని రాసుకుపోయాడు.

అత్త కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నవ్వు అక్కడితో సరి.

ఆ పేరు తీసెయ్యమన్నాను. సభ్యుల్ని తీసెయ్యాలంటే ఆ సభ్యురాలే లైన్లోకి వచ్చి ఒప్పుకోవాలట. ఆవిడ మనిషి కాదమ్మా, గది, అన్నాను. గది పేర్లు వేరే చోట ఉంటాయి మేడమ్, ఇది మనిషి పేరు, అన్నారు. పోనీ లేదనుకోండి, అలాంటి మనిషే లేదు, అన్నాను. మరి మా రికార్డులో రోజూ తిరుగుతున్నారు కదా మేడమ్, అంది ఆ పిల్ల చాలా మర్యాదగా. వయసు గడి ఖాళీగా ఉంది, చెబితే నింపుకుంటానంది. ఫోన్ పెట్టేశాను. తర్వాత ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. ప్రతిసారీ ఫిర్యాదు రాసుకున్నామన్నారు.

ఇది చాలదన్నట్టు కొరియర్‌లో ఒక పొట్లం వచ్చింది. ఇంటికి ఇద్దరు మనుషులు కదా, అందుకని సాబీదీ పేరు అంటించిన ఇంకో బటన్. ఒళ్లు మండి తిప్పి పంపిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"దానిది దానికి ఉండనియ్యే" అని చావిడిలో క్యాలెండర్ కోసం కొట్టిన మేకుకి ఆ బటన్ తగిలించింది.

అప్పట్నుంచీ అత్తకి అదో వేడుక. నేను టీ పెడితే, "సాబీదీకి కూడా పోసినావేటి?" అని అడుగుతుంది. నేను విసుక్కుంటే ఇంకా నవ్వుతుంది. నాకేమో స్కూల్లో పాఠం మధ్యలో, చర్చిలో ప్రసంగం మధ్యలో, గోల్‌బజార్లో చేపలు బేరమాడుతున్నప్పుడు, సాబీదీ ఏం చేస్తోందో తెలుస్తూనే ఉంటుంది. వారం చివర ఇద్దరి ఆరోగ్యం మీదా ఒక సమీక్ష వచ్చేది. దయామణి బాగా నిద్రపోతున్నారు. సాబీదీ బొత్తిగా నిద్రపోవడం లేదు, డాక్టరుకి చూపించండి.

ఇక్కడిదాకా పొరపాటే. ఇక్కణ్నుంచి నాకు సరిగ్గా తెలియదు.

ఒక మధ్యాహ్నం వచ్చిన కబురు ఇలా ఉంది. దయామణి మంచం మీద ఉన్నారు, సాబీదీ వంటింట్లో ఉన్నారు. అత్తకి ఫోన్ చేశాను. పడుకునే ఉంది. పరుపు పక్కనే ఉన్న ఫోన్ తీసి మాట్లాడింది. వంటింట్లో ఎవరన్నాను. ఎవులుంటారే, అంది. ఇలాంటి కబుర్లు అడపాదడపా వస్తూ ఉండటంతో, బిగించిన ఆయన్ని మళ్లీ పిలిపించాను. ఆయన చెప్పింది బాగానే ఉంది. యాప్ మొహాలు గుర్తుపట్టదు. ఇద్దరున్నారని చెప్పాం కాబట్టి, ఒకరు పరుపు మీద ఉండగా ఇంకోచోట కదలిక కనబడితే రెండోవాళ్ల ఖాతాలో వేస్తుంది. అంతే.

అయితే ఆ కదలిక ఏమిటి? పిల్లి అన్నాను. పెట్టె ఎత్తుగా, మనిషి నడుము పైన చూసేలా ఉంది, పిల్లి అందదు అన్నాడు. బల్లి అన్నాను. బల్లిలో మనిషికున్నంత వేడి ఉండదు అన్నాడు. సైన్సు టీచర్ని, నాకు తెలియక కాదు, కానీ బల్లే అయితే బాగుండునని ఉంది. పెట్టె మార్చి కొత్తది పెట్టి వెళ్లాడు. కొత్తది కూడా అదే పాట పాడింది.

ఒక శనివారం తాడోపేడో తేల్చుకుందామని భోజనం చేసి వెళ్లి చావిడిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అత్త లోపల పడుకుంది. టీ వేళ దాకా కూర్చున్నా ఫోన్ కుయ్యి కయ్యి అనలేదు. సరే, పీడ పోయిందని బయటికొచ్చి ఆటో ఎక్కానో లేదో టింగుమంది. సాబీదీ చావిడిలో ఉన్నారట. ఆ రోజు ఆటోవాడి మీద ఊరికే అరిచాను.

అత్తని గట్టిగా అడిగాను. ఏమైనా కనబడుతోందా, వినబడుతోందా, దాచకుండా చెప్పమని.

"నాకేటీ అగపడలేదు, ఇనపడలేదు. అది నీ ఫోనుకే అగపడతాది" అంది. నవ్వలేదు కూడా. అత్త అబద్ధమాడే మనిషి కాదు.

నేను విసిగిపోయి సాబీదీ పేరుతో వచ్చే కబుర్లన్నీ మోగకుండా నోరు నొక్కేశాను. బటన్ నొక్కితే వచ్చే ఫోన్ ఒక్కటే అలా ఆపడానికి వీల్లేకుండా పెట్టారు. అది రికార్డు చేసిన గొంతు, బెంగాలీలో మాట్లాడుతుంది.

ఆ తర్వాత కొన్ని వారాలకి స్కూల్లో పరీక్షలు. ఉదయం పూట, హాల్లో కాపలా డ్యూటీలో ఉన్నాను. చేతిలో ఫోన్ వణికింది. గుమ్మంలోకి వచ్చి ఎత్తితే రికార్డు గొంతు: "సాబీదీ సాయం కోరుతున్నారు." కట్ చేశాను. మళ్లీ వచ్చింది. కట్ చేశాను. కట్ చేసిన ప్రతిసారీ కాసేపాగి మళ్లీ అదే. పిల్లలు రాయడం మాని నన్నే చూస్తున్నారు. అత్తకి చేస్తే ఎత్తలేదు. ఆ వేళకి స్నానంలో ఉంటుంది కదా అనుకున్నాను.

నిజం చెప్పాలి. నేను బయల్దేరింది భయంతో కాదు, కోపంతో. ఇంకో టీచర్ని హాల్లో కూర్చోబెట్టి, ఆ బటన్ని మేకు మీంచి పీకి ఖరిదా మురిక్కాలవలో పడేసి మరీ వస్తానని చెప్పి బయటపడ్డాను. గోల్‌బజార్ దగ్గర ఆటో ఇరుక్కుంది. ఫోన్ మోగుతూనే ఉంది. తిడుతూనే ఉన్నాను.

అత్త ఇంటి ముందు కటకటాల తలుపుకి ఎప్పటిలాగే లోపల తాళం వేసి ఉంది. మొదటిసారి పడ్డాక అత్త నాకిచ్చిన రెండో తాళంచెవితో, కటకటాల్లోంచి చెయ్యి దూర్చి తీశాను. చావిడిలో ఎవరూ లేరు. క్యాలెండర్ మేకుకి బటన్ వేలాడుతోంది, దాని చిన్న ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. పీకేద్దామని చెయ్యి చాపాను. అప్పుడు బాత్రూంలోంచి సన్నగా మూలుగు వినబడింది.

అత్త తడినేల మీద పక్కకి ఒరిగి పడి ఉంది. ఒక కాలు ఉండకూడని తీరున తిరిగి ఉంది. తన బటన్ మంచం మీద పొడిచీర పక్కన ఉంది. స్నానానికని తీసేసింది. స్పృహలోనే ఉంది. నన్ను చూసి అన్న మొదటి మాట ఇది.

"వచ్చినావా. ఆమెకి కాస్త టీ ఇచ్చి పంపే. పాపం ఇందాకట్నుంచీ తలుపవతలే కూకున్నాది."

"ఎవరత్తా?"

"నువ్వు పంపినావు కదే. బెంగాలీ మనిషి. లెగుద్దామని సెయ్యి ఆనించినప్పుడల్లా, ఉఠో నా, ఉఠో నా అని ఒకటే పోరు. లెగవనియ్యలేదు."

లేవకు, లేవకు అని ఆ మాటకి అర్థం. నేను వెనక్కి తిరిగి చూశాను. నడవ ఖాళీగా ఉంది. ఆ చివర కటకటాల తాళానికి నా తాళంచెవి ఇంకా వేలాడుతోంది. అంబులెన్సుకి ఫోన్ చేశాను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఆవిడ లేవకుండా పడి ఉండటమే మేలైందన్నాడు. లేవబోయి ఉంటే ఎముక పూర్తిగా జరిగిపోయి, ఆ వయసులో మంచం దిగేది కాదట. నాకు మాత్రం ఒకటే ఆలోచన. లేవొద్దని ఎవరు చెబితే మా అత్త విన్నది? డాక్టర్లు చెబితేనే వినదు.

సుధీర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. దెబ్బకి దిమ్మెక్కి ఏవో గొంతులు వినబడి ఉంటాయన్నాడు. కావచ్చు. మరి బటన్ ఎవరు నొక్కారురా అంటే, అదే షార్టయి ఉంటుందక్కా, అన్నాడు. కంపెనీవాళ్లని అడిగాను. ఈసారి వాళ్లు తొందరగానే జవాబిచ్చారు. ఆ బటన్ దానంతటది మోగదు, వేలుతో గట్టిగా నొక్కిపట్టుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పారు. మీరు కట్ చేశారని మా సిస్టం మళ్లీ మళ్లీ ఫోన్ చెయ్యదు మేడమ్, వచ్చిన ప్రతి ఫోన్‌కీ ఎవరో ఒకసారి నొక్కారు, అన్నారు.

అంటే నేను కట్ చేసినప్పుడల్లా మళ్లీ నొక్కారు.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. మేకుని ఊపి చూశాను. బటన్ని గోడకేసి కొట్టి చూశాను. ఫ్యాను గాలికి క్యాలెండర్ కొట్టుకుంటే నొక్కుకుంటుందేమోనని ఫ్యాను గిర్రున తిప్పి చూశాను. ఏం చేసినా ఉలకలేదు, పలకలేదు. వేలు పెట్టి అదిమిపట్టినప్పుడే మోగింది. పక్కిళ్లలో అడిగాను. ఆ ఉదయం ఎవరూ రాలేదు, తాళం ఉండగా రావడానికి దారీ లేదు. ఆ ఇంట్లో ఇదివరకు సాబీదీ అని ఎవరైనా ఉండేవారా అని పాతవాళ్లని వాకబు చేశాను. ఎవరికీ తెలియదు. అత్తని అడిగితే, నా కింద పన్జేసినోళ్లలో ఎందరు సాబిత్రిలో, నాకేటి గుర్తే, అంది. మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. జరిగింది మొత్తం విని, టీ తాగి, దేవుడు కాపాడాడమ్మా అని వెళ్లిపోయారు. దాన్ని నేనూ కాదనను. కానీ దేవుడు బెంగాలీలో ఎందుకు మాట్లాడాడో ఆయన చెప్పలేదు.

అత్త వాకర్ పట్టుకుని నడిచే రోజు రాగానే ఖరిదా వెళ్లిపోతానంది. సుధీర్ ఫోన్లో మళ్లీ మొదలెట్టాడు. అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఆలస్యమైతే తాళం అన్నావురా. అయినాదేటి ఆలస్యం? సెప్పు. మనిషి తోడుండాలన్నావు, ఉన్నాది కదా. లేకపోతే మీ అక్క అంత తొరగా ఎలాగొచ్చినాది?" అంది.   నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్త తన ఇంటికి తను వెళ్లింది.

మొన్న సెలవు రోజున అక్కడే ఉన్నాను. చావిడిలో అత్త చిక్కుళ్లు వలుస్తోంది. కస్టమర్ కేర్ నుంచి ఫోన్. వెనకటి పిల్లే, అంతే మర్యాద. మీ ఫిర్యాదు ఇన్నాళ్లకి ఆమోదించారు మేడమ్, ఇబ్బందికి క్షమించండి, సాబీదీ పేరు తీసేసి, ఆ బటన్ వెనక్కి తీసుకెళ్తాం, అంది. ఆ ఇంట్లో అలాంటి మనిషెవరూ లేరని మీరొక్క మాట నోటితో చెబితే చాలు, రికార్డు చేసుకుంటాం, అంది.

నెలల తరబడి నేను గొంతు చించుకుని చెప్పిన మాటే అది. ఇప్పుడు అడుగుతుంటే నోటికి రాలేదు. మేకుకి వేలాడుతున్న బటన్ వైపు చూశాను. అత్త వలవడం ఆపి నా వైపు చూస్తోంది.

"తియ్యకండి, ఉండనివ్వండి" అన్నాను.

 సరే మేడమ్, అయితే వయసు గడి ఇంకా ఖాళీగానే ఉంది, ఎంతని రాసుకోమంటారు, అంది ఆ పిల్ల. ఒళ్లు మండింది. అయినా ఫోన్ చేత్తో మూసి అత్తని అడిగాను.

"దీదీ కదే. నాకంటే పెద్దదనే రాయించు" అంది అత్త, మళ్లీ చిక్కుళ్లు అందుకుంటూ.

అలాగే రాయించాను. ఎవరి వయసు రాయించానో ఇప్పటికీ నాకు తెలియదు.